అయోర్టిక్ వాల్వు సన్నబడింది: మాత్రలతో నెట్టుకురావచ్చా, మార్చాల్సిందేనా?

పుత్తూరు_పెద్దోడు

అందరికీ నమస్కారం. మాది పుత్తూరు. నాయనకు 71 ఏళ్ళు, రిటైరైన తెలుగు పండితుడు. షుగర్ లేదు. బీపీకి చాలా కాలంగా మాత్ర వేసుకుంటా ఉన్నాడు. నారాయణవనం గుడికి నడిచి పోయొచ్చే మనిషి, ఇప్పుడు వీధి చివరి అంగడికి పోవాలన్నా మధ్యలో గోడ పట్టుకుని నిలబడతా ఉన్నాడు. మొన్న మిద్దె మీదికి మెట్లెక్కుతా కళ్ళు తిరిగి కూలబడినాడు. తిరుపతికి తీసుకుపోతే డాక్టరు స్టెతస్కోపు పెట్టినాక గుండెలో చప్పుడుందని ఎకో తీయించినారు. రిపోర్టు ఇది:

అయోర్టిక్ వాల్వు ఏరియా 0.7 చదరపు సెంటీమీటర్లు. పీక్ వెలాసిటీ సెకనుకు 4.6 మీటర్లు. మీన్ గ్రేడియంట్ 52. ఈఎఫ్ (గుండె పంపింగు) 58 శాతం. కింద "సివియర్ కాల్సిఫిక్ అయోర్టిక్ స్టెనోసిస్" అని రాసినారు.

వాల్వు మార్చాలంటా ఉన్నారు. నాయనేమో "పంపింగు 58 శాతం, బాగుందని వాళ్ళే రాసిరి కదా, మాత్రలు వాడి చూద్దాం, ముందు కొండకు నడిచిపోయే మొక్కు తీర్చుకోవాల" అంటాడు. అమ్మ ఎటూ చెప్పలేక ఏడుస్తా ఉంది. మాత్రలతో తగ్గేదా ఇది? ఎన్నాళ్ళు ఆగచ్చు? ఛాతీ కోసేదే చేయించాల్నా, తొడ దగ్గర నుంచి పెట్టేదంటారే, అది మంచిదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎకోగది

అన్నా, నేను తిరుపతిలో ఎకో తీసే పనిలో ఉన్నాను. వైద్యం డాక్టర్లు చెబుతారు, ఆ అంకెలు ఎట్ల చదవాలో మాత్రం నేను చెబుతాను. నాయనగారు తెలుగు పండితులు కాబట్టి కూర్చోబెట్టి వివరిస్తే పట్టుకుంటారు.

అయోర్టిక్ వాల్వు గుండె ఎడమ కింది గదికీ, ఒళ్ళంతటికీ రక్తం మోసే పెద్ద ధమనికీ మధ్య ఉండే కవాటం. మూడు రేకులుంటాయి. ఆరోగ్యంగా ఉంటే 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. వయసుతో ఆ రేకుల మీద కాల్షియం పేరుకుని బిగుసుకుపోతాయి. తెరుచుకునేది 1కి దిగిందంటే సివియర్ కింద లెక్క. మీది 0.7.

దారి సన్నబడినా ప్రతి కొట్టుకూ పోవాల్సిన రక్తం పోవాల్సిందే, అందుకని వేగం పెరుగుతుంది. సెకనుకు 4 మీటర్లు దాటితే సివియర్. ఆ వేగాన్ని వేగంతోనే గుణించి, వచ్చినదాన్ని 4తో గుణిస్తే వాల్వుకు రెండు పక్కలా ఒత్తిడి తేడా తెలుస్తుంది. 4.6 × 4.6 × 4, సుమారు 85. అది పీక్. రక్తం బయటికి పోయే సమయమంతటికీ సగటు తీస్తే మీన్ గ్రేడియంట్, అది 40 దాటితే సివియర్. మీది 52. మూడు అంకెలూ ఒకే మాట చెబుతున్నాయి, రిపోర్టులో అనుమానం లేదు.

చేతికి బీపీ 130 చూపిస్తున్నప్పుడు నాయనగారి గుండె లోపలి గదిలో ఒత్తిడి దాదాపు 200 ఉంటుంది. ఆ భారం మోయడానికి గోడ లావెక్కుతుంది. ఈఎఫ్ 58 నిలబడింది అందుకే. అది బాగుందని ఆగే అంకె కాదు. ఈఎఫ్ 50 కిందికి పడిందంటే, ఏ ఇబ్బందీ లేని పేషెంటుకైనా వాల్వు మార్చమంటారు.

హృదయరేఖ

నేను కార్డియాలజిస్టును, తిరుపతిలోనే ఉంటాను. ఎకోగది బాగా చెప్పారు. పేషెంటును చూడకుండా తుది మాట చెప్పకూడదు, కానీ మీరు రాసినదాంట్లో నన్ను నిలబెట్టింది ఎకో అంకెలకంటే ఆ మెట్ల దగ్గర కూలబడటం.

ఈ జబ్బులో మూడు లక్షణాలుంటాయి. పని చేస్తే ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు నొప్పి, శ్రమలో కళ్ళు తిరిగి పడిపోవడం. నడిచినా మెట్లెక్కినా కాళ్ళ కండరాల్లో రక్తనాళాలు విప్పారతాయి. మామూలుగా గుండె ఆ మేరకు ఎక్కువ రక్తం తోసి బీపీ నిలబెడుతుంది. వాల్వు సన్నగా ఉంటే తోయలేదు, బీపీ పడుతుంది, మెదడుకు రక్తం తగ్గుతుంది. మీ నాయనగారికి జరిగింది బహుశా ఇదే.

వాల్వు మార్చే వైద్యం అందరికీ అందని రోజుల్లో ఈ జబ్బు ఎలా నడిచిందో 1968లో రాస్, బ్రౌన్‌వాల్డ్ అనే ఇద్దరు డాక్టర్లు రాశారు. ఛాతీనొప్పి మొదలయ్యాక సగటున 5 ఏళ్ళు, స్పృహ తప్పడం మొదలయ్యాక 3, గుండె నీరసించి ఆయాసం వచ్చాక 2. ఏళ్ళ తరబడి ఏమీ తెలియకుండా నడిచే జబ్బు, లక్షణం కనబడిన తర్వాత చాలా తొందరగా నడుస్తుంది. సివియర్ ఉండి లక్షణాలు మొదలైతే వాల్వు మార్చాలా వద్దా అనే చర్చ ప్రపంచంలో ఎక్కడా లేదు. ఎలా మార్చాలన్నదే చర్చ.

మాత్రల సంగతి. బీపీ మాత్ర బీపీకి, నీరు తీసే మాత్ర ఆయాసానికి కొంత ఉపశమనం. రేకుల మీది కాల్షియాన్ని కరిగించే మాత్ర ఇప్పటిదాకా రాలేదు. కొలెస్టరాల్ మాత్రలు ఆపుతాయేమోనని ఆశపడి పెద్ద పరీక్షలు చేశారు. 2008లో వచ్చిన సీస్ అనే పరీక్షలో 1,873 మంది పాల్గొన్నారు. వాల్వు సన్నబడటం ఆగలేదు.

ఇప్పుడే జాగ్రత్తపడవలసినవి: కొండకు నడక వద్దు, అలిపిరి దారీ వద్దు, శ్రీవారి మెట్టూ వద్దు. గుండెజబ్బు ఉన్నవాళ్ళు నడిచి రావద్దని టీటీడీయే చెబుతోంది. బస్సులో పోయి రావచ్చా అన్నది మీ డాక్టరును అడగండి. ఛాతీ నొప్పి వస్తే ఇంట్లో ఎవరిదో సార్బిట్రేట్ (గుండెనొప్పికి వాడే మాత్ర) నాలుక కింద పెట్టకండి. ఇలాంటి వాల్వు ఉన్నవాళ్ళకు దాంతో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ట్రెడ్‌మిల్ పరీక్ష ఎవరైనా రాస్తే ఈ ఎకో చూపించండి, లక్షణాలున్న సివియర్‌లో అది చేయకూడదు.

పలమనేరు_రైతు

పెద్దోడా, డాక్టర్లు చెప్పేది చెప్పనీ, మా పక్క తెల్లమద్ది బెరడు కషాయం తాగిస్తారు. మా చిన్నాయనకు గుండెదడ దాంతోనే తగ్గింది. వాల్వు మీద సున్నం పేరుకుంటాది అంటా ఉన్నారు గదా, పాలు, రాగులు మానిపిస్తే సున్నం తగ్గదా? ఆపరేషన్ అంటే ముసలోళ్ళు తట్టుకుంటారా అని నా బాధ.

హృదయరేఖ

అన్నా, మీరు అడిగింది మా ఓపీలో చాలామంది మనసులో ఉండే ప్రశ్న. తిన్న కాల్షియం పోయి వాల్వు మీద కూర్చోదు. రేకుల్లో వాపు లాంటి మార్పు మొదలై, అక్కడి కణాలే ఎముక కణాల లాగా మారి కాల్షియం పోగుచేస్తాయి. పాలు, రాగులు మానితే ఎముకలు బలహీనపడతాయి తప్ప వాల్వుకు ఒరిగేది లేదు.

తెల్లమద్ది గురించి: గుండెదడ వేరు, వాల్వు బిగుసుకోవడం వేరు. బిగుసుకున్న రేకును ఏ కషాయమూ వదులు చేయదు. తాగుతున్నవాళ్ళు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, రక్తం పలచబడే మాత్రలు మొదలుపెట్టాక కషాయాలతో లెక్క తప్పుతుంది. నా భయమల్లా కషాయం తాగుతూ "చూద్దాం" అని గడిపే నెలల గురించే.

వయసు తట్టుకుంటుందా అన్నది న్యాయమైన ప్రశ్న. అందుకే కిడ్నీలు, ఊపిరితిత్తులు, మనిషి నడక, బలం అన్నీ చూసి తీసుకునే నిర్ణయం ఇది. ఒక్క వయసు అంకెతో ఎవరూ కాదనరు.

నిర్వాహకుడు

"కత్తి లేకుండా వాల్వు శుద్ధి, సెలైన్‌తో కాల్షియం కరిగింపు" అని ఫోన్ నంబరుతో వచ్చిన పోస్టు తొలగించాం. ఇలాంటివి మళ్ళీ పెడితే సభ్యత్వం రద్దు చేస్తాం.

నగరి_నేత

డాక్టరు గారూ, ఒక సందేహం. మా అబ్బకు 69. మోకాలి ఆపరేషన్‌కు పోతే మత్తు డాక్టరు గుండె చప్పుడు విని ఎకో రాసినాడు. సివియర్ అనే వచ్చింది, వెలాసిటీ 4.2. కానీ ఆయనకు ఆయాసం లేదు, నొప్పి లేదు, ఏమీ లేదంటాడు. మేము మగ్గాల పని చేసుకునేవాళ్ళం. ఏ ఇబ్బందీ లేని మనిషికి గుండె ఆపరేషన్ ఎందుకని ఇంట్లో అందరూ అంటా ఉన్నారు.

హృదయరేఖ

ముందు ఆ మత్తు డాక్టరుకు దండం పెట్టండి. సివియర్ అని తెలియకుండా వెన్నులో మత్తు ఇచ్చి ఉంటే బీపీ ప్రమాదకరంగా పడేది. మోకాలు ఆగుతుంది, వాల్వు సంగతి తేలాక చేయించుకోవచ్చు.

"ఏమీ లేదు" అనే మాటను మేం ఊరికే నమ్మం. పెద్దవాళ్ళు అబద్ధం చెబుతారని కాదు. ఈ జబ్బు మెల్లగా వస్తుంది కాబట్టి వాళ్ళు తమ బతుకును దానికి తగినట్టు కొంచెం కొంచెం కుదించుకుంటూ పోతారు. ముందు సంతకు పోవడం మానేస్తారు, తర్వాత మిద్దె ఎక్కడం, తర్వాత మనవడిని బడి దగ్గర దింపడం. ఆఖరికి అరుగు మీద కూర్చుంటే ఆయాసం ఎందుకొస్తుంది? మీ అబ్బకైతే మోకాలు ఒక సాకుగా దొరికింది. ఆగింది మోకాలి వల్లనా, ఊపిరి వల్లనా అని ఆయనకే తెలియకపోవచ్చు. "ఆయాసం ఉందా" అని అడగకండి. "పోయిన సంక్రాంతికి ఏ పని చేశావు, ఇప్పుడు అది చేస్తున్నావా" అని అడగండి. అమ్మను విడిగా అడగండి. నిజం ఎక్కువసార్లు అక్కడే దొరుకుతుంది.

నిజంగా లక్షణాలు లేకపోతే, ఈఎఫ్ బాగుంటే, ఇన్నాళ్ళూ చేసింది ఆరు నెలలకోసారి ఎకో తీస్తూ కనిపెట్టుకుని ఉండటం. ఆ పద్ధతి మారుతోంది. 2024లో ఎర్లీ టావర్ అనే పరీక్ష ఫలితాలు వచ్చాయి. లక్షణాలు లేని సివియర్ పేషెంట్లు 901 మంది. సగం మందికి వెంటనే తొడ దారిలో వాల్వు పెట్టారు, సగం మందిని కనిపెట్టుకుని ఉన్నారు. కొన్నేళ్ళు తిరిగేసరికి ఆగినవాళ్ళలో 87 శాతం మందికి వాల్వు మార్చాల్సే వచ్చింది. మరణం, పక్షవాతం, అనుకోకుండా గుండె కారణంతో ఆసుపత్రిలో చేరడం, ఈ మూడూ కలిపి చూస్తే ముందే పెట్టినవాళ్ళలో సుమారు 27 శాతం, ఆగినవాళ్ళలో 45 శాతం. తేడా ఎక్కువగా ఆసుపత్రిలో చేరడం దగ్గరే వచ్చింది, అది కూడా చెప్పాలి. కాబట్టి "ఇబ్బంది లేదు కదా" అని ఫైలు మూసేయకండి, కార్డియాలజిస్టు చేతిలో పెట్టండి.

చంద్రగిరి_వాసి

నగరి తమ్ముడూ, ఖర్చు గురించి నువ్వు అడగలేదు గానీ మగ్గం పని అన్నావు కాబట్టి చెబుతున్నా. ఛాతీ తెరిచి వాల్వు మార్చే ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్యసేవలో ఉంది, ఇదివరకు ఆరోగ్యశ్రీ అనేవాళ్ళం. స్విమ్స్‌కు పోయినా, ఆ పథకం ఉన్న వేరే ఆసుపత్రికి పోయినా ముందు ఆ పథకం వాళ్ళ మిత్ర కౌంటర్ దగ్గర రేషన్ కార్డు, ఆధార్ చూపించి మాట్లాడు. ఏ వాల్వుకు ఎంతవరకు వర్తిస్తుందో చేరకముందే రాతలో తెలుసుకో. చిత్తూరు పక్కవాళ్ళు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి కూడా పోతారు, దగ్గర కాబట్టి. పోయే ముందు మన కార్డు అక్కడ చెల్లుతుందో లేదో కనుక్కోవాలి.

పెద్దోడా, మీ నాయన రిటైరైన టీచరు అయితే పింఛనుదారుల ఈహెచ్‌ఎస్ కార్డు ఉంటుంది. దాన్ని బయటికి తీయండి.

కుప్పం_కోడలు

మా అత్తమ్మకు తొడ దారిలో వాల్వు పెట్టించాం, టావీ అంటారు. అప్పుడు ఆమెకు 82. మాకు బెంగళూరు దగ్గర కాబట్టి అక్కడికే వెళ్ళాం. ముందు సీటీ స్కాన్ తీసి గుండె నుంచి తొడ దాకా రక్తనాళాల కొలతలు చూశారు. తొడ నాళం మరీ సన్నగానో వంకరగానో ఉంటే ఆ దారి కుదరదట. తర్వాత ముడిచిన వాల్వును తొడ దగ్గరి ధమనిలోంచి పైకి తీసుకుపోయి పాత వాల్వు లోపలే విప్పారు. పాతదాన్ని తీసేయరు, దాన్ని పక్కకు ఒత్తి కొత్తది కూర్చుంటుంది. పూర్తి మత్తు కూడా ఇవ్వలేదు, సగం నిద్ర. మర్నాడు ఆమెను నడిపించారు.

కష్టం లేకుండా పోలేదు. గుండె కరెంటు దారి ఆ వాల్వు పక్కనే ఉంటుందట, అది ఒత్తుకుపోయి గుండె వేగం పడిపోయింది. పేస్‌మేకర్ కూడా పెట్టాల్సి వచ్చింది. ఇలా కొంతమందికి అవుతుందని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు కాబట్టి తట్టుకున్నాం. మాకు చెప్పిన ఖర్చు పదిహేను లక్షలు దాటింది. మన దేశంలోనే గుజరాత్‌లో మైవాల్ అనే వాల్వు తయారవుతోంది, ధర తేడా ఉంటుంది, అడగండి.

ఇంకో మాట, ఇది ఎవరూ బయటికి అడగరు. ఈ వాల్వుల రేకులు ఆవు గుండె పైపొరతోనో పంది గుండె పైపొరతోనో చేస్తారు. అత్తమ్మ నిత్యం గోపూజ చేసే మనిషి. ఆమెకు దాచి పెట్టించడం మాకు ఇష్టం లేకపోయింది. డాక్టరే కూర్చుని చెప్పారు. ఆమె ఒక రాత్రి ఆలోచించుకుని, "ప్రాణం పోసేది తల్లే గదా" అని ఒప్పుకుంది. ఒప్పుకోకపోతే పంది పొరతో చేసినవీ ఉన్నాయి, ముస్లిం కుటుంబాలకైతే ఆవు పొరవి. మీ నాయనగారికి ఇలాంటి పట్టింపు ఉంటే ఆపరేషన్ బల్ల మీదికి పోకముందే అడగండి.

పుత్తూరు_పెద్దోడు

అక్కా, బలే మాట చెప్పినావు. నాయన మడి ఆచారం ఉండే మనిషే. ఈ ఆలోచనే మాకు రాలేదు. ఆయనతో నేనే మాట్లాడతా.

ఎకోగది చెప్పిన గుణకారం కాగితం మీద వేసి చూపించినా. చాలాసేపు చూసి "అయితే గుండె రెండొందల ఒత్తిడి మోస్తా ఉందా" అన్నాడు. మాత్రల మాట మళ్ళీ ఎత్తలేదు. రేపు యాంజియోగ్రామ్.

శ్రీకాళహస్తి_లెక్కలసారు

మా అమ్మ విషయం వేరేగా ఉంది. ఏరియా 0.8, కానీ మీన్ గ్రేడియంట్ 26 మాత్రమే, ఈఎఫ్ 30. ఒక డాక్టరు మోడరేట్ అన్నారు, ఇంకొకరు సివియర్ అన్నారు. పైన చెప్పిన లెక్క ప్రకారం ఏరియా ఒకటి చెబుతుంటే గ్రేడియంట్ ఇంకొకటి చెబుతోంది. ఏది నమ్మాలి?

ఎకోగది

సార్, రెండూ నిజం కావచ్చు. వాల్వు దగ్గర ఒత్తిడి తేడా రావాలంటే గుండె బలంగా తోయాలి. ఈఎఫ్ 30 ఉన్న గుండె తోసే రక్తమే తక్కువ, కాబట్టి దారి ఎంత సన్నగా ఉన్నా గ్రేడియంట్ చిన్నదిగా కనబడుతుంది. చెరువులో నీళ్ళు అడుగంటితే తూము మూసుకుపోయినా పైకి తెలియదు కదా, అట్ల.

తేల్చడానికి డోబుటమిన్ ఎకో చేస్తారు. మందుతో గుండెను కాసేపు గట్టిగా కొట్టించి చూస్తారు. అప్పుడు గ్రేడియంట్ 40 దాకా పెరిగి ఏరియా 1 లోపే ఉంటే నిజమైన సివియర్. వాల్వు ఇంకాస్త తెరుచుకుంటే జబ్బు గుండె కండరంలో ఉన్నట్టు. ఇంకో దారి, మందు సూది లేకుండా తీసే సీటీలో వాల్వు మీది కాల్షియం స్కోరు. ఆడవాళ్ళలో 1,200, మగవాళ్ళలో 2,000 దాటితే సివియర్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇలాంటి కేసు తెలిసిన చోట చూపించండి, "మోడరేట్" అన్న ఒక్క మాట పట్టుకుని ఇంటికి తీసుకుపోకండి. గుండె బలహీనపడిన ఈ రకంలోనే ఆలస్యం ఎక్కువ నష్టం చేస్తుంది.

బంగారుపాళ్యం_అమ్మాయి

ఇక్కడ అందరూ పెద్దవాళ్ళ గురించి రాస్తున్నారు. నాకు 27. పుట్టుకతో బైకస్పిడ్ వాల్వు, మూడు రేకులకు బదులు రెండే. ప్రస్తుతం మోడరేట్. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఈ సంగతి చెబితే పెళ్ళి కుదరదని అమ్మ దాచమంటోంది. పిల్లలు పుడతారా, ఎప్పుడు ఆపరేషన్ చేయించుకోవాలి అన్నది నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

హృదయరేఖ

అమ్మా, నూటికి ఒకరిద్దరు ఈ రెండు రేకుల వాల్వుతో పుడతారు, నువ్వు ఒంటరివి కాదు. వీళ్ళలో వాల్వు కొన్ని దశాబ్దాల ముందే బిగుసుకుంటుంది. వాల్వుతో పాటు పైనున్న పెద్ద ధమని కూడా కొందరిలో ఉబ్బుతుంది. ప్రతి ఎకోలో ఆ కొలత కూడా రాయమను. మీ అమ్మానాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూడా ఒకసారి ఎకో తీయించుకోవాలి, ఇది కుటుంబాల్లో నడుస్తుంది.

పిల్లల విషయం: మోడరేట్ ఉన్నవాళ్ళలో చాలామంది డాక్టర్ల పర్యవేక్షణలో బాగానే కంటారు. సివియర్ అయి, లక్షణాలు మొదలయ్యాక గర్భం రావడం ప్రమాదం, ఎందుకంటే గర్భంలో గుండె తోయాల్సిన రక్తం బాగా పెరుగుతుంది. అందుకని గర్భం తర్వాత కాదు, ముందే కార్డియాలజిస్టునూ ప్రసూతి డాక్టరునూ ఒకేసారి కలువు.

వాల్వు మార్చాల్సి వస్తే ఏ రకం అన్నది నీ విషయంలో చాలా పెద్ద ప్రశ్న. లోహపు వాల్వు చాలాకాలం నిలుస్తుంది, కానీ జీవితాంతం రక్తం పలచబడే మాత్ర కావాలి. ఆ మాత్ర మొదటి నెలల్లో గర్భస్థ శిశువుకు హాని చేయగలదు, మానితే వాల్వు మీద గడ్డ కడుతుంది. అందుకే పిల్లలు కావాలనుకునే అమ్మాయిలకు జంతుపొర వాల్వు వైపే మొగ్గుతారు. అది చిన్న వయసులో తొందరగా అరుగుతుంది, తర్వాత ఇంకో ఆపరేషన్ ఉంటుందని తెలిసే ఒప్పుకోవాలి. ఏ దారిలోనూ నష్టం లేకుండా లేదు. నిర్ణయం నీది.

దాచడం గురించి డాక్టరుగా కాదు, అక్కగా చెబుతున్నా. క్రమం తప్పకుండా ఎకోకు తోడు రావాల్సిన మనిషికి ఈ సంగతి తెలిసి ఉండాలి. తెలిసి వచ్చేవాడే నీకు కావాలి.

చంద్రగిరి_వాసి

చెల్లీ, నాదీ రెండు రేకుల వాల్వే. 41 ఏళ్ళప్పుడు మార్చారు. నాకు పెట్టింది చిత్ర వాల్వు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారు చేసింది, 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. విదేశీ వాల్వు కొనలేని నాలాంటి వేలమందిని అది బతికించింది. రాత్రి నిశ్శబ్దంలో దాని చప్పుడు వినిపిస్తుంది. మొదట్లో నిద్ర పట్టలేదు, ఇప్పుడు మా ఇంటిదానికి కూడా అలవాటైపోయింది.

పెద్దోడా, వాల్వు ఏ రకమో తేల్చుకునేటప్పుడు లోహపు వాల్వుకు వాడే ఎసిట్రోమ్ అనే రక్తం పలచబడే మాత్రతో జీవితం ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. రోజూ సాయంత్రం ఒకే వేళకు మాత్ర. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష క్రమం తప్పకుండా. నా వాల్వుకు అది 2 నుంచి 3 మధ్య ఉండాలని చెప్పారు. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. గోంగూర, తోటకూర మానమని చెప్పలేదు, కానీ ఒక వారం రోజూ తిని ఇంకో వారం అసలు మానేస్తే అంకె ఊగిసలాడుతుంది. ఎంత తింటే ప్రతి వారమూ అంతే. ఒళ్ళునొప్పులకు అంగట్లో డైక్లోఫెనాక్ కొని వేసుకోవడం పూర్తిగా మానాలి. కొత్తగా వచ్చిన రక్తం పలచబడే మాత్రలు పరీక్షలు అక్కర్లేకుండా పనిచేస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. లోహపు వాల్వుకు అవి పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగాట్రాన్ మీద చేసిన పరీక్షను నష్టం ఎక్కువగా ఉందని 2012లో మధ్యలోనే ఆపేశారు.

71 ఏళ్ళకు మామూలుగా జంతుపొర వాల్వే పెడతారు. పది పదిహేనేళ్ళు నిలుస్తుంది, ఈ మాత్ర బాధ జీవితాంతం ఉండదు.

పుత్తూరు_పెద్దోడు

యాంజియోగ్రామ్ అయింది. గుండె ముందు పక్క ప్రధాన రక్తనాళంలో 80 శాతం అడ్డు ఉంది. వాల్వు ఒక్కటే అయితే తొడ దారి ఆలోచించేవాళ్ళమనీ, బైపాస్ కూడా కావాలి కాబట్టి ఛాతీ తెరిచి రెండూ ఒకేసారి చేస్తామనీ అన్నారు. కార్డియాలజిస్టు, సర్జన్ ఇద్దరూ కలిసి కూర్చుని మాకు చెప్పినారు. నాకు అదే ధైర్యం ఇచ్చింది. ఇదే సరైన దారేనా, హృదయరేఖ గారూ?

హృదయరేఖ

సరైన ఆలోచనే. 65 నుంచి 80 మధ్య వయసులో రెండు దారులూ తెరిచే ఉంటాయి, తేల్చేవి ఇలాంటి సంగతులే. బైపాస్ అవసరం, తొడ నాళాల పరిస్థితి, వాల్వు రెండు రేకులదా మూడు రేకులదా, కిడ్నీలు, మనిషి దారుఢ్యం. ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలెన్ క్రిబియే 2002 ఏప్రిల్‌లో మొదటి టావీ చేసింది, ఆపరేషన్‌కు పనికిరాడని వదిలేసిన రోగికి. ఇప్పుడది ఎంతో ముందుకొచ్చింది గానీ, ఛాతీ తెరిచే ఆపరేషన్‌ను తక్కువ వైద్యం అనుకోనక్కర్లేదు. పాత వాల్వును పూర్తిగా తీసేసి కొత్తది కుట్టడం, బైపాస్ కూడా అదే ఆపరేషన్‌లో చేయడం దానికే సాధ్యం.

ఒక్కటి చూసుకోండి. ఆపరేషన్‌కు ముందు పళ్ళు చూపించారా? చీము పట్టిన పన్ను ఏదైనా ఉంటే ముందే తీయాలి. నోటిలోని సూక్ష్మజీవులు రక్తంలోకి పోయి కొత్త వాల్వు మీద కూర్చుంటే చాలా కష్టం.

పుత్తూరు_పెద్దోడు

రెండు పళ్ళు తీసినారు. మానినాక తేదీ ఇస్తామన్నారు. వాల్వు ఆవు పొరదని నాయనకు నేనే చెప్పినా. మౌనంగా ఉండిపోయి, సాయంత్రం "శిబి చక్రవర్తి కోసి ఇచ్చింది పావురం కోసం. ఇప్పుడు నా కోసం ఒక జీవం ఇస్తా ఉంది. దానికి రుణపడి ఉంటా" అన్నాడు.

పలమనేరు_రైతు

పెద్దోడా, రక్తం కావాలంటే చెప్పు. మా ఊరి పిల్లోళ్ళు నలుగురైదుగురిని తీసుకొస్తా. మా చిన్నాయనను కూడా ఎకోకు రాయించుకొచ్చినాం, ఈ పేజీ చదివినాక.

పుత్తూరు_పెద్దోడు

ఆపరేషన్ అయింది. నాయన ఇంట్లో ఉన్నాడు. ఐసీయూలో మూడో రోజు గుండె లయ తప్పింది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. ఆపరేషన్ తర్వాత చాలామందికి వస్తుందని చెప్పి మందుతో సరిచేసినారు. కొన్ని నెలలు ఎసిట్రోమ్ వాడమన్నారు. దగ్గేటప్పుడు ఛాతీకి దిండు అదుముకోమని నేర్పినారు. ఎముక అతుక్కునేదాకా బరువులు ఎత్తకూడదు, చేతుల మీద బలం వేసి లేవకూడదు, స్కూటర్ వద్దు. ఇంట్లోనే నడుస్తా ఉన్నాడు, ఆయాసం లేదు. అన్నం సయించడం లేదు, రాత్రుళ్ళు చిరాకు పడతా ఉన్నాడు. అది మామూలేనా? ఇంకోటి, పంటి డాక్టరు మిగతా పళ్ళకు కట్టుడు పళ్ళ పని మిగిలుందన్నారు, ఎప్పుడు పోవచ్చు?

కుప్పం_కోడలు

చిరాకు, దుఃఖం మొదటి వారాల్లో ఉంటాయి తమ్ముడూ, మా పెద్దమ్మకు బైపాస్ తర్వాత ఇంతే. పగలు పడుకోనివ్వకండి, సాయంత్రం వరండాలో కూర్చోబెట్టి పద్యాలు చెప్పించుకోండి. వారాలు గడిచినా దిగులు తగ్గకపోతే మాత్రం డాక్టరుకు చెప్పండి. అన్నం కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి.

చంద్రగిరి_వాసి

పళ్ళ పని తొందరపడకండి, ముందు సర్జన్‌ను అడిగి వాళ్ళు సరేనన్నాకే. వెళ్ళేటప్పుడు వాల్వు కార్డు చూపించండి, ఎసిట్రోమ్ వాడుతున్నారని చెప్పండి, అప్పటి ఐఎన్ఆర్ కాగితం తీసుకుపోండి. పంటి చిగుళ్ళు కదిలే పని ఏదైనా ఉంటే గంట ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి. మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒకేసారి రాస్తారు, పెన్సిలిన్ పడనివాళ్ళకు వేరేది. ఇది ఈ ఒక్కసారికే కాదు, వాల్వు ఉన్నంతకాలం. కారణం తెలియని జ్వరం రెండు మూడు రోజులు విడవకపోతే అంగట్లో మాత్ర కొని వేయకండి. ముందు రక్తం కల్చరుకు (సూక్ష్మజీవుల పరీక్షకు) ఇచ్చి, ఆ తర్వాతే యాంటీబయాటిక్.